మూడు గిన్నెల్లోనూ వంకాయే

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఎండతో ఆహారం వండే హరితరేణువు, కణంలోని కేంద్రకానికి కబురు పంపుతుందంటే పిల్లలు నమ్మేవాళ్లు కాదు.

"కేంద్రకమే గదా మేడం పెద్ద? అది చెప్తే ఇది చేస్తాది, అంతే," అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు విసుగొచ్చి మా ఇంటి సంగతే చెప్పేశాను.

మా నాయనకు బద్వేలులో కిరాణా అంగడి ఉండేది. సంతలో వంకాయలు చౌకైతే చాలు, గంపలకు గంపలు ఇంటికి పంపేవాడు. ఇంట్లో ఆయన మాటే మాట, అమ్మ ఎదురు చెప్పేది కాదు. ఒక మధ్యాహ్నం అంగడికి పంపిన క్యారియర్‌లో, అన్నం గిన్నె తప్ప మిగతా మూడింట్లోనూ వంకాయే పెట్టింది. కూర, పచ్చడి, పులుసు. మరుసటి రోజు నుంచి గంపలు ఆగిపోయాయి.

"ఎండ ఎక్కువైతే హరితరేణువూ ఇంతే. లోపల పేరుకుపోయిన పదార్థాలే కబురుగా వెళతాయి. అప్పుడు కేంద్రకం, వెలుతురును పట్టే ప్రోటీన్ల తయారీ తగ్గించమంటుంది," అన్నాను. తరగతంతా నవ్వింది. పరీక్షలో ఆ ప్రశ్న ఎవరూ వదల్లేదు.

ఆ సంబరంతో ఆదివారం బద్వేలు పోయి అమ్మకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విని, శానాసేపు నవ్వింది.

"ఆకుకు నోరు లేదు, అట్ల చెప్పుకుంటాది. నాకు నోరుండి గూడా క్యారియరే పంపితి గదమ్మా," అంది.