ఈత రాని సరంగులు

మా తాతయ్య, పెద్దనాన్న, నాన్న ముగ్గురూ సరంగులే. కోరంగి వైపు కట్టిన చెక్క ఓడలు నడిపినవాళ్ళు. తాతయ్యయితే తెరచాప ఓడలో రంగూన్ దాకా వెళ్ళొచ్చిన మనిషి. దారిలో చాప చిరిగితే దుప్పట్లు కుట్టి కట్టి, ఓడని కాకినాడ చేర్చాడని ఊళ్ళో చెప్పుకునేవారు. అలాంటి ఇంట్లో ఒక్కరికంటే ఒక్కరికి ఈత రాదంటే నమ్ముతారా? కాలువలో స్నానానికి దిగినా మోకాలి లోతు దాటేవారు కాదు.

నాకేమో ప్రతిదానికీ కారణం కావాలి. నాన్ననడిగితే "ఓడ మునిగితే కదా ఈతతో పని" అని నవ్వేసేవాడు. పెద్దనాన్న "పోయి చదువుకో" అనేవాడు. మామ్మ మాత్రం "మీ తాతనే అడుగు" అని మొహం తిప్పుకునేది. ఆ తిప్పుకోవడం చూశాక నేనిక ఊరుకుంటానా!

ఇంటరయ్యాక నాకు ఓడల చదువుకి సీటొచ్చింది. ఆడపిల్లల్ని తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. చేరాలంటే ఈత వచ్చి తీరాలి.

"మనింట్లో ఓడెక్కేవాళ్ళు ఈత నేర్చుకోరమ్మా" అన్నాడు తాతయ్య, పడక్కుర్చీలోంచి లేవకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకో చెప్పండి. చెబితే మానేస్తాను" అన్నాను. మానేసే ఉద్దేశం నాకేం లేదనుకోండి.

అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్నకి, అంటే మా ముత్తాతకి, ఈత బ్రహ్మాండంగా వచ్చట. ఆయన నడిపే ఓడ ఒకసారి గాలివానకి, గోదారి సముద్రంలో కలిసేచోట పగిలిపోయింది. ఆయనొక్కడే ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. ఓడలో ఆయన కింద పనిచేసే కళాసీలెవరూ బతికి రాలేదు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ కళాసీల భార్యలు నీళ్ళకి మా నూతికే వచ్చేవారు. వాళ్ళొస్తే ఆయన లేచి లోపలికెళ్ళిపోయేవాడట.

"నన్ను మాత్రం నీళ్ళలో దిగనివ్వలేదు. ఈతొస్తే ఓడని వదిలేస్తావురా అనేవాడు" అన్నాడు తాతయ్య.

అన్నాళ్ళూ తెలుసుకోవాలని తహతహలాడిపోయిన మాట అదీ. తీరా తెలిశాక, ఆయన్ని కాదని నీళ్ళలో దిగడం నావల్ల కాదనిపించింది. సీటు పోయినట్టే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తాతయ్య నేను కట్టుకుని తేలడానికి రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో జతచేసి తెచ్చి, "పదమ్మా" అన్నాడు. నాకు నేర్పమని ఎదురింటి అక్కని బతిమాలుకున్నాడట. రోజూ కాలువ గట్టున కూర్చుని చూసేవాడు.

కొబ్బరికాయలు లేకుండా మొదటిసారి కాలువ దాటిన రోజు, అవతలి గట్టెక్కి, ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులూపాను. తాతయ్య లేచి నించున్నాడు.

"బాగుంది. ఇప్పుడు వెనక్కి రా."

"చేతులు లాగేస్తున్నాయి తాతయ్యా. వంతెన మీంచి వచ్చేస్తాను."

"వద్దు. నీళ్ళలోంచే రా" అన్నాడు. "మా నాన్న ఆ రోజు కళాసీల కోసం వెనక్కెళ్ళలేదు."

మళ్ళీ నీళ్ళలోకి దిగాను.