వెనిస్‌లో కాలువ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి

సముద్రానికి హద్దు గీసి, ఇంతవరకే రమ్మని దానికి చెప్పిన దేవునికి స్తోత్రం. ఆ మాట సముద్రం విన్న రోజులకు స్తోత్రం. విననట్టు మన కళ్ళకు కనిపించిన రోజుల్లో కూడా స్తుతించడానికి నోరు మిగిల్చినందుకు మరింత స్తోత్రం. ఈ సంగతి చెప్పే ముందు ఆయన నామాన్ని తలచుకోకపోతే నాకు ధైర్యం చాలదు.

ఎనభైల మధ్యలో మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉండేవాళ్ళం. నేను ఆసుపత్రిలో నర్సుని, మావారు ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. మా పాప అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఆ ఏడాది మా అమ్మ కొన్ని నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చింది. కృష్ణానది సముద్రంలో కలిసే చోట దివిసీమలో మా ఊరు. అంతకు కొన్నేళ్ళ ముందు నవంబరులో వచ్చిన ఉప్పెనలో నాన్న పోయారు. నేనప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉన్నాను. అమ్మ ఒక్కతే బతికింది. ఆ రోజు ఏం జరిగిందో అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. అడగడానికి నాకు భయం.

అమ్మ వచ్చిన కొత్తలో ఒక బుధవారం మధ్యాహ్నం ఊరంతా సైరన్ మోగింది. సుడిగాలి వచ్చేటప్పుడు జనాన్ని హెచ్చరించే సైరన్ అది. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నెలకోసారి మంచి ఎండలో మోగిస్తారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అమ్మ పాపను చంకనేసుకుని మేడమెట్లు సగం ఎక్కేసింది.

"ఏం లేదమ్మా, టెస్ట్."

"టెస్టంటే?"

"పరీక్ష."

"ఎవర్నే పరీక్షిస్తన్నారు?"

"సైరన్‌ని."

"దాన్ని పరీక్షించడానికి మా గుండెలాగిపోవాలా," అంటూ అమ్మ ఒక మెట్టు దిగింది.

"అయినా ఇక్కడ గాలొస్తే పైకెక్కకూడదమ్మా. కిందే ఉండాలి."

అమ్మ నావంక అదోలా చూసి, "నేను కింద ఉండను," అంది.

తర్వాత నెలనెలా సైరన్ మోగగానే నేను "టెస్ట్, టెస్ట్" అని కేకేసేదాన్ని. పాపా నేర్చుకుంది. ఆదివారం సాయంత్రాలు మా హాల్లో ప్రార్థనకు కూడే నాలుగు కుటుంబాలవాళ్ళూ అమ్మని ఆటపట్టించేవారు. మూడో నెలకి అమ్మ మెట్లెక్కడం మానేసి, కుర్చీలోనే కూర్చుని కొంగు గుప్పిట్లో పట్టుకునేది.

అమ్మని తిరిగి ఊళ్ళో దింపడానికి అందరం కలిసి బయల్దేరాం. టికెట్లు రోమ్ మీదుగా కుదిరాయి. మావారికి ఆఫీసులో గోడ క్యాలెండర్ మీద వెనిస్ బొమ్మ ఉండేది. దారిలో రెండు రోజులు అక్కడ ఆగుదామన్నారు.

"అత్తయ్యగారూ, ఊరంతా కాలవలే. మీ ఊరు చూసినట్టే ఉంటుంది."

"మా కాలవల్లో చూడ్డానికేముంది బాబూ, గేదెలు తప్ప."

మేము దిగిన రోజు మంచు కమ్ముకుని ఉంది. ఆ ఊరు అందంగా ఉందని నేను చెప్పగలను, కాని అందం చూసే తీరిక నాకు దొరకలేదు. గుమ్మానికీ నీళ్ళకీ మధ్య చాలాచోట్ల ఒక్క రాతిపలక వెడల్పే ఉంది. కటకటాలు లేవు. మెట్లు పాచిపట్టి నీళ్ళలోకి దిగిపోతున్నాయి, వాటికింద ఎన్ని మెట్లున్నాయో కనపడదు. బస్సులు కూడా పడవలే. పాప పరిగెత్తినప్పుడల్లా నేను దాని కోటు వెనక టోపీ పట్టుకుని లాగేదాన్ని. అది "స్టాపిట్ మమ్మీ" అని గింజుకునేది. చర్చీల గోడల మీద బంగారు రంగులో పరిశుద్ధులు నిలబడి చూస్తూంటే, వీళ్ళు ఇన్ని వందల ఏళ్ళు ఈ నీళ్ళ అంచున ఎలా నిద్రపోయారా అని నాకు అనిపించింది.

అమ్మ చీరమీద స్వెటరు, కాళ్ళకి బూట్లు వేసుకుని మా వెనక గోడవారనే నడిచింది. సాయంత్రం ఒక వంతెన దగ్గర ఉన్నట్టుండి కిందికి వంగి, కాలువలో చెయ్యి ముంచి, వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

"అమ్మమ్మా, వాటర్ తినకు. డర్టీ," అంది పాప.

అమ్మ ఉమ్మేసింది. "ఉప్పగా ఉన్నాయి."

"సముద్రపు నీళ్ళేగా అత్తయ్యగారూ," అని మావారు నవ్వారు.

"కాలవలో ఉప్పునీళ్ళేంటి బాబూ. ఇక్కడుండొద్దు, పోదాం పదండి."

మాకు అది ముసలితనపు చాదస్తంలా తోచింది. కాలువలంటే మంచినీళ్ళే అనుకునే ఊరి మనిషి కదా అని సరిపెట్టుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మావారూ పాపా తయారై నిలబడ్డారు. గాజు ఊదే పనివాళ్ళున్న ఒక దీవికి పడవలో వెళ్ళొస్తామన్నారు. అమ్మ పడవెక్కనంది, నేను తోడుగా ఉండిపోయాను. వాళ్ళు హోటలు గుమ్మంలో ఉండగానే సైరన్ మొదలైంది. ప్లేనో సైరన్ లాగే, ఏడుస్తున్నట్టు, చాలాసేపు. అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

మావారు ఆకాశం చూశారు. వాన లేదు, గాలి లేదు. వీధిలో జనం మామూలుగా నడుస్తున్నారు. "ఇక్కడా టెస్టే పెడతారు కాబోలు," అన్నారు.

"అమ్మమ్మా, టెస్ట్, టెస్ట్. డోంట్ వర్రీ," అని పాప చెయ్యూపింది. వాళ్ళు వంతెన దాటి మలుపు తిరిగారు.

"ఇది టెస్టేనా?" అంది అమ్మ.

"అంతే అయ్యుంటుందమ్మా."

కాసేపటికి గుమ్మం ముందు రాతిపలకల సందుల్లోంచి నీళ్ళు ఊరడం చూశాను. ఎటునుంచీ పొంగి రాలేదు. అల లేదు, చప్పుడు లేదు. నేల కిందనుంచి, తూములోంచి, చెమట పట్టినట్టు వచ్చి కలిసిపోతున్నాయి. చూస్తూండగానే కాలువకీ వీధికీ తేడా పోయింది. కాలువ ఎక్కడ మొదలవుతుందో తెలియని నీళ్ళలో నా బిడ్డ నడుస్తోందన్న ఆలోచన రాగానే నేను లోపలికి తిరిగి ఎవరైనా ఉన్నారా అని కేకేశాను.

హోటలు నడిపే పెద్దావిడ రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చింది. తివాచీ చుట్టి బల్లమీద పెట్టింది, గుమ్మానికి అడ్డంగా చెక్క బిగించింది. తొందరపడలేదు. నేను "బోట్? హస్బెండ్? బేబీ?" అని అడిగితే ఏదో చాలా చెప్పింది. నాకర్థం కాలేదని తెలిసి ఒక అరచేతిని వంతెనలా వంచి, రెండో చేతిని పడవలా దాని కిందికి తెచ్చి, ఇరుక్కున్నట్టు చూపించి, "నో బోట్" అంది.

నేను చెక్క దాటి బయటికి పోబోయాను. అమ్మ నా కోటు బెల్టు లాగి తన పిడికిలికి చుట్టుకుంది. ఎంత గింజుకున్నా వదల్లేదు. మేడమెట్ల మీదికి ఈడ్చుకుపోయి కూర్చోబెట్టింది. నీళ్ళు చెక్క కిందనుంచి లోపలికి వచ్చేశాయి. మొదటి మెట్టు తడిసింది.

అప్పుడు అమ్మ, నీళ్ళనే చూస్తూ, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రోజూ ఇంతే. రేడియోలో చెప్పారు తుఫానని. ఏటా చెప్తారులే అన్నారు మీ నాన్న. సాయంత్రం వాకిట్లోకి నీళ్ళొచ్చాయి. కాలవగట్టు తెగిందనుకున్నాం. ప్రార్థన గుడి తలుపులు గడేసి వస్తానని ఆయనెళ్ళారు. నేను ముఖం కడుక్కుందామని ఆ నీళ్ళే తీసుకున్నా. నోట్లో పడ్డాయి. ఉప్పగా ఉన్నాయి."

అమ్మ బెల్టుని పిడికిలికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"కేకేశా. గాల్లో వినపళ్ళేదు. గుమ్మంలో నిలబడ్డా, ఇదిగో నువ్వు చూసినట్టే చూస్తా. నీళ్ళు నడుందాకా వచ్చాకే అటకెక్కా. ఇంకాసేపు నిలబడాల్సింది."

సండే స్కూల్లో చిన్నప్పటినుంచి వాక్యం కంఠస్థం చేసినదాన్ని, నాలుగు కుటుంబాల ముందు గడియసేపు ప్రార్థన చేయగలిగినదాన్ని, ఆ మెట్ల మీద నాకు ఒక్క వచనం గుర్తు రాలేదు. ప్రభువు దగ్గరికి అలలమీద నడవబోయి మునిగిపోతున్న ఆ శిష్యుడు పెద్ద ప్రార్థనేమీ చేయలేదు కదా, 'ప్రభువా, రక్షించు' అన్నాడంతే. నేనూ అంతే పొట్టిగా కేకవేశాను, మనసులో. మళ్ళీ, మళ్ళీ అదే. జవాబేమీ వినిపించలేదు. నాన్న కోసం అమ్మ కూడా ఆ మాటే అని ఉంటుందన్న తలంపు వచ్చింది, దానితో ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది.

పెద్దావిడ మాకు రెండు కప్పుల కాఫీ తెచ్చింది. మా ముఖాలు చూసి గోడ గడియారం వైపు వేలు చూపించి, అరచేతిని పైకెత్తి, తర్వాత మెల్లగా కిందికి దించింది. అమ్మ ఆ చేతినే కన్నార్పకుండా చూసింది.

"పోటు," అంది. "పోటే ఇది. అయితే పాటొస్తుంది, నీళ్ళు తీసేస్తాయి. ఉప్పెన అట్టా కాదు, పోతా పోతా మనుషుల్ని తీసుకుపోద్ది."

అలా అన్నాక కూడా బెల్టు వదల్లేదు.

కాఫీ చల్లారిపోయింది. నీళ్ళు రెండో మెట్టును తాకి అక్కడే ఊగుతున్నాయి. వీధిలో ఎవరు నీళ్ళు చిందిస్తూ నడిచినా నేను లేచేదాన్ని. ఎవరెవరో పోయారు. చివరికి ఒక పొడుగాటి ఆకారం, మెడమీద ఒక పిల్ల. మావారి ప్యాంటు తొడలదాకా తడిసి నల్లగా ఉంది. దీవి నుంచి తిరిగొచ్చే పడవ వాళ్ళని ఎక్కడో దూరంగా దింపేసిందట, కొంతదూరం బల్లలు పరిచిన దారిమీద, తర్వాత నీళ్ళలో గోడలు పట్టుకుంటూ వచ్చారట. పాప చేతిలో కాగితంలో చుట్టిన గాజు చేప ఉంది. దాని బూట్లు మాత్రమే తడిశాయి.

మావారు నవ్వలేదు. మెట్ల దగ్గర నిలబడి, "అత్తయ్యగారూ, అది టెస్ట్ కాదండీ," అన్నారు.

"నాకు నిన్నే తెలుసు బాబూ," అంది అమ్మ.

పాపని ఒళ్ళో వేసుకుని సాక్సు విప్పి, ఆ చిన్న పాదాలు తన కొంగులో చుట్టింది. నేను గట్టిగా స్తోత్రం చెప్పబోయాను. అమ్మ ముఖం చూసి గొంతు తగ్గించాను. చాలాసేపయ్యాక ధైర్యం చేసి అడిగాను.

"నాన్న కోసం కూడా ప్రార్థన చేశావు కదమ్మా."

"నువ్వు చేసినదానికంటే ఎక్కువే చేశా."

"మరి?"

"మరి నాకేం తెలుసు. ఆయన్నే అడగాలి. అడుగుతూనే ఉన్నా," అని పాప పాదాలు రుద్దుతూ కూర్చుంది.

మధ్యాహ్నానికి నీళ్ళు దిగిపోయాయి. పెద్దావిడ చీపురుతో బురద ఊడ్చేసింది. ఆ మర్నాడే మేము ఆ ఊరు విడిచాం. అమ్మ ఆ తర్వాత మళ్ళీ అమెరికా రాలేదు.

ప్లేనోలో ఇప్పటికీ నెలకోసారి సైరన్ మోగుతుంది. నేను ఇప్పుడు టెస్ట్ అనను. చేస్తున్న పని ఆపి మెట్ల దగ్గరికి వెళ్ళి, అది ఆగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడతాను. నా బిడ్డ గుమ్మంలోకి తిరిగి వచ్చింది, మా నాన్న రాలేదు. రెండు గుమ్మాల దగ్గరా మొరపెట్టింది ఒకే దేవునికి. ఇందులో నాకు తెలియనిది చాలా ఉంది, దానికి నేను ఈ రోజుకీ భయపడతాను.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, ఈ గడియలో ఎక్కడో ఒక గుమ్మంలో నిలబడి తనవాళ్ళ కోసం నీళ్ళవైపు చూస్తున్న మనిషిని చూడు. వాళ్ళని ఇంటికి చేర్చు. చేర్చని చోట, ఆ గుమ్మంలో నువ్వే నిలబడు. మా అమ్మ అడిగినదానికి ఆమెకు జవాబు చెప్పు. ఆమేన్ అని మీరూ అనండి.