కర్పూరం వెలిగితే మెయిను దించాల్సిందే

తిరుత్తణి కొండ కింద లాడ్జిలో కంప్యూటరు చూసుకునే రోజుల్లో మాకొక మేనేజరు ఉండేవాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సాయంత్రం మురుగన్ పటానికి హారతి ఇచ్చే ముందు ఆయన మెయిను స్విచ్చి దించేసేవాడు. "కరెంటు వెలుతురులో కర్పూరం యాడ కనిపిస్తాదమ్మా?" అనేవాడు. కంప్యూటరు ఆపేదాకా కూడా ఆగేవాడు కాదు.

కొండకు జనం పోటెత్తే ఆడి కృత్తిక పండగ నాడూ అంతే. మెయిను మళ్లీ ఎత్తాక కంప్యూటర్లో లైనక్స్ మొదలవుతూ సగంలో నిలిచిపోయింది. ఫైళ్లన్నిటికీ ఆధారమైన రూట్ ఫైల్‌సిస్టమ్ దెబ్బతిని రీడ్-ఓన్లీ అయి కూర్చుంది. ఉన్నది చదువుతుంది, కొత్తగా ఒక్క అక్షరం రాయనివ్వదు. ఎదురుగా కావడులు మోసుకొచ్చిన జనం గదుల కోసం అరుస్తున్నారు. చంటిబిడ్డతో ఒకామె మెట్ల మీదే కూలబడింది. పళ్లు కొరుక్కుంటూ డిస్కును సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపి, తప్పులు దిద్దించి, రాయడానికి వీలుగా డిస్కును మళ్లీ మౌంట్ చేశాను.

"అయ్యా, మీకు దండం పెడతా. ఇంక మెయిను ముట్టుకోవద్దు. ఏదో ఒకనాడు డిస్కే పోతాది."

"సరిమ్మా, నువ్వు చెప్పింది న్యాయమే," అన్నాడు. ప్రతిసారీ అంత శ్రద్ధగానే వినేవాడు.

చంటిబిడ్డ తల్లి పేరు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. "చూసినావా, సామి కాపాడినాడు!" అంటూ ఆయన పళ్లెంలో ఇంకో కర్పూరం బిళ్ల వేశాడు. నేను కుర్చీలోంచి లేచేలోపే చెయ్యి మెయిను మీదికి పోయింది.

చీకట్లో మంట చూసి బిడ్డ కిలకిలా నవ్వింది. ఆయన పళ్లెం నా ముందుకు తెచ్చాడు. లాక్కుని విసిరికొట్టాలనిపించింది.

కళ్లకద్దుకున్నాను.