కట్ట కింది ఎర్ర మచ్చ

ఈ సాయంత్రం ఫోనుకు మళ్లీ ఆ సందేశం వచ్చింది, భారీ వర్షాలు పడవచ్చని, లోతట్టు ప్రాంతాల వాళ్లు జాగ్రత్తగా ఉండాలని. మీలో చాలామంది అది చదివి, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుని, ఫోన్లు ఛార్జింగు పెట్టుకుని పడుకుని ఉంటారు. నేనూ పాపను నిద్రపుచ్చి పడుకుందామనే అనుకున్నాను. కానీ అలాంటి సందేశం వచ్చిన ప్రతిసారీ నా వేలు దానంతటదే ఉపగ్రహ చిత్రాలుండే పేజీ తెరిచి, ఆత్మకూరు దిక్కున మా పెద్దమ్మ వాళ్ల ఊరి చెరువు మీదికి పోయి ఆగుతుంది. ఆ చెరువు గురించి మా ఆయనకు కూడా సగమే చెప్పాను. నల్లగొండలో ఈ కిరాయి ఇంట్లో, పాప ఊపిరి వింటూ కూర్చుంటే, మిగిలిన సగం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. ఊరూరా చెరువుల్లో పూడిక తీస్తుంటే ట్రాక్టర్లు ఆ ఒండ్రుమట్టిని పొలాలకు మోసేవి, రాష్ట్రం వచ్చింది కదా ఇక ఉద్యోగాలూ వస్తాయని మా ఈడు వాళ్లమంతా కొండంత ఆశతో ఉండేవాళ్లం. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నాకు మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద పని దొరికింది. ఉపగ్రహం పంపిన చిత్రాల్లో ఏ చెరువు ఎంతమేర నిండిందో, ఎండాకాలానికి ఎంతకు చిక్కిపోయిందో చూసి గుర్తులు పెట్టడం ఆ పని. ఆ చిత్రాల్లో రంగులు మన కంటికి కనిపించే రంగులు కావు. నీళ్లు నల్లగా, బీళ్లు బూడిదగా, పచ్చగా ఉన్నదంతా ఎర్రగా కనబడేది. మొదట్లో వరి మళ్లను చూస్తే గాయాలను చూసినట్టుండేది. తర్వాత ఎంత అలవాటైందంటే, బస్సులో పోతుంటే పచ్చటి చేను కనిపించినా మనసులో దానికి ఎర్ర రంగే వేసుకునేదాన్ని.

ఒక వేసవిలో పెద్దమ్మ వాళ్ల చెరువు నా వంతుకు వచ్చింది. చిత్రం తెరిస్తే చుట్టూ అంతా బూడిద, కట్టకు ఇవతల ఊరివైపు మాత్రం చిన్న ఎర్ర మచ్చ. తూము మూసి నెలలైంది, ఆ ఎండల్లో అక్కడ పైరు ఉండే వీలు లేదు. పాత చిత్రాలు వెనక్కి తిప్పుకుంటూ పోతే ఆ మచ్చ ఏటేటా ఉంది, ఏటేటా కాస్త పెద్దదవుతోంది. చెరువు నీరు కట్టలోంచి ఊరివైపుకు వస్తోందని, ఆ తడికే గడ్డి మొలుస్తోందని నాకు తెలిసిపోయింది. ఆ మచ్చను ఆనుకుని ఉన్న చదరపు కప్పు మా పెద్దమ్మ ఇల్లని గుర్తుపట్టడానికే ఎక్కువసేపు పట్టింది, చిన్నప్పుడు ఎన్ని సెలవులు ఆ ఇంట్లో గడిపానో, అయినా దాన్ని పైనుంచి ఎన్నడూ చూడలేదు కదా.

ఆ ఆదివారమే బస్సెక్కాను. దారి పొడుగునా నేల మాడిపోయి ఉంది, మేత లేక చాలామంది గొడ్లను అమ్ముకున్నారు. కట్టకింద మాత్రం మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డితోనే పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, రెండు బర్రెలను సాకుతోంది. ఆమె కొడుకు అప్పటికింకా పాకుతున్నాడు. నెలలు నిండకుండా పుట్టి, తల్లి పాలు చాలక, బర్రె పాలతో బతికి బట్టకట్టిన పిల్లాడు. నేను వంగి తడిమట్టి చూస్తుంటే వదిన కొడవలి పట్టుకుని వచ్చింది.

“ఏందాడిబిడ్డా, ఇంట్లకు రాకుంట ఈడ ఏం దేవులాడుతున్నవ్? ముక్కుపుల్ల గిట్ల పోగొట్టుకున్నవా?”

ఉపగ్రహం గురించి చెప్తే ఆకాశంలోకి చూసి పకపకా నవ్వింది. “గంత మీదికెల్లి మా జాగ కనవడ్తదా! అయితే మా బర్రె గూడ కనవడ్తది. ఇయ్యాల పాలిస్తదో తంతదో జర అడిగి చెప్పు.”

కట్ట మొదట్లో సన్నగా పారుతున్న ఊటను వదిన ఇచ్చిన చెంబులోనే పట్టి కాసేపు కదలకుండా పెట్టాను. తేట నీరైతే అంత భయం లేదు, మట్టి కలిసి వస్తే మాత్రం నీరు కట్టను లోపలినుంచి తొలుస్తున్నట్టు. చెంబు వంచితే అడుగున మెత్తటి మన్ను పేరుకుని ఉంది. అదే మాట చెప్పాను.

“మన్ను లేని నీళ్లు యాడున్నయి? మీ ఆఫీసుల ఉన్నయా?” అంది వదిన. అప్పటికి నవ్వు కొంచెం తగ్గింది.

ఇలాంటి ఊటను మా వైపు జాలు అంటారు. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని, “మా అత్త కాలంకెల్లి గా జాలు గట్లనే ఉన్నది బిడ్డా, మైసమ్మ తల్లి పెట్టిన గడ్డి” అని కట్టవైపు దండం పెట్టింది. అన్న గడ్డిమోపు విప్పి బర్రెల ముందు వేస్తూ ఉండిపోయాడు. నేను బయలుదేరుతుంటే వదిన బస్సు దాకా వచ్చింది, చంకలో కొడుకును ఎత్తుకుని.

“కట్ట బాగుజేస్తే జాలు బందైతది. జాలు బందైతే గడ్డి యాడికెల్లి వస్తది? నువ్ జూసింది జూడనట్టుండు.”

“వాడి కోసమే వదినా. వానల్లో కట్ట తెగితే ముందు మీ ఇల్లే పోతుంది.”

“తెగితే గద! తెగకపోతే ఏం తాపుతవ్ వీనికి? నీకు పిల్లలైనంక మాట్లాడుదాం గీ ముచ్చట.”

నేను చూసినదంతా ఆఫీసులో చెప్పాను. ఇప్పుడు జరిగినా చెప్పకుండా ఉండలేను. మా సారు స్వయంగా పోయి చూసి, ఆ వేసవిలోనే కట్ట తవ్వించి, బంకమట్టి నింపించి, రోలరు తొక్కించారు. తర్వాతి చిత్రాల్లో ఆ మచ్చ ఒక్కసారిగా పోలేదు. అంచులనుంచి వెలిసి, గులాబీ రంగుకు తిరిగి, చివరికి చుట్టూ ఉన్న బూడిదలో కలిసిపోయింది. అక్కడ ఏం జరుగుతోందో తెలిసి కూడా కొత్త చిత్రం రాగానే ముందు దాన్నే చూసేదాన్ని, ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోవడాన్ని కిటికీలోంచి చూస్తున్నట్టుండేది. వదిన ముందు ఒక బర్రెను అమ్మింది, ఆ తర్వాత రెండోదాన్నీ అమ్మింది. మరుసటేడు పెద్దమ్మతో సహా అంతా పట్నం పోయారు, అన్నకు ఒక అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్ పని దొరికిందని.

ఆ తర్వాత ఒక ఏడు వానలు మా వైపు ముంచెత్తాయి. చుట్టుపక్కల చెరువులు తెగాయి, ఆ కట్ట మాత్రం నిలిచింది. బాగు చేసినందుకే నిలిచిందా, చేయకపోయినా నిలిచేదా? మా సారును అడిగాను. నిలిచిన కట్టకు సాక్ష్యం ఉండదమ్మా అన్నారు. కట్ట కాపాడిన ఆ ఇల్లు అప్పటికే ఖాళీ. చిత్రం చిత్రానికీ కప్పు కాస్త కాస్త కూలుతూ వచ్చి, ఇప్పుడు గోడలు మాత్రమే గీతల్లా మిగిలాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. పాప పుట్టాక, నిద్రపట్టని ఒక రాత్రి, వదిన వాళ్లు పట్నంలో ఉంటున్న గల్లీ ఎక్కడుందో వెతికాను. అలవాటు కొద్దీ పాత చిత్రాలు వెనక్కి తిప్పాను. ఇళ్లు తగ్గుతూ తగ్గుతూ పోయి, ఆ గల్లీ ఉన్నచోట నల్లటి మరక తేలింది. వాళ్ల గది ఒకప్పటి చెరువు నడిమధ్యన ఉంది.

తెల్లారగానే ఫోన్ చేసి, అక్కడినుంచి మారిపొమ్మని బతిమాలాను. వెనక నుంచి పిల్లాడు పాఠం గట్టిగా చదువుకోవడం వినిపిస్తోంది.

“మల్ల మీదికెల్లి జూసినవా? ఈసారి ఏం బందు జేయిస్తవ్ ఆడిబిడ్డా? ఈడ గడ్డి గూడ లేదాయె,” అని వదిన నవ్వింది. తర్వాత మెల్లగా, “గీ కిరాయికి గింత జాగ ఇంకెవ్వడిస్తడు, నువ్వే చెప్పు” అంది. పాపను ఎత్తుకుని ఉన్నాను, అది ఫోన్ లాక్కోవాలని చూస్తోంది.

మన చిన్నప్పుడు నీరు వచ్చే ముందు నేల ఏదో ఒక రకంగా చెప్పేది. తడిసేది, పగుళ్లు మూసుకునేవి, ఉన్నట్టుండి గడ్డి మొలిచేది. చూసే కన్ను కింద ఉన్నా, ఆకాశంలో ఉన్నా చదువుకోవడానికి ఏదో ఉండేది. వదిన వాళ్ల గల్లీ చిత్రంలో చదవడానికేమీ లేదు. కప్పు పక్కన కప్పు, వానకు ముందూ అదే బూడిద, వాన వెలిశాకా అదే బూడిద. కింద నీరు ఎటు కదులుతోందో చెప్పే గడ్డిపరక మొలవడానికి జానెడు మన్ను కూడా అక్కడ మిగల్లేదు. ఇంత చదువుకుని, ఇన్ని చిత్రాలు అరచేతిలో పెట్టుకుని, వాన పడ్డప్పుడల్లా నేను చేయగలిగింది ఒక్కటే, తెల్లారాక ఫోన్ చేయడం. వదిన ఎత్తి, నన్ను ఏదో ఒకటి ఎత్తిపొడిచి నవ్వితే, ఆ గదిలోకి ఇంకా నీళ్లు రాలేదని అర్థం.