నడుస్తున్నానన్న రాత

కుప్పంలో మా మనవరాలు ఇంటినుంచే కంప్యూటర్ పని చేస్తుంది. తెర మీద కనబడకపోయినా లోపల నడుస్తూనే ఉండే ప్రోగ్రామొకటి, సర్వీసంటారు దాన్ని, తయారుచేసి, అది క్షణక్షణమూ ‘నడుస్తున్నాను’ అని ఫైల్లో రాసుకునేలా పెట్టింది. పాడైపోతున్న నా ఫోన్లోంచి, మదనపల్లెలో చనిపోయిన మా అక్క మాటల రికార్డింగును కంప్యూటర్లోకి ఎక్కించబోతే చోటు లేదని తెర మీద చూపించింది. చోటంతా ఆ రాతే తినేసింది.

“ఎవురు సదువుతారే ఇదంతా?” అన్నాను.

“ఎవురూ సదవరవ్వా. నడస్తాండాదో లేదో సూడాలని పెట్టినా. తీసేసేది మర్సిపోయినా.”

ఒళ్లు మండింది. క్యాలెండర్ కాగితం వెనకవైపు కూడా వదలకుండా రాసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల! పక్కనే నిలబడి సర్వీసు ఆపించి, ఆ ఫైలు చెరిపించాను.

అక్క గొంతు ఎక్కింది. “ఏమే, తిన్న్యావా?” అని మొదలుపెట్టి మాట్లాడింది రెండు నిమిషాలే. ఆ కాస్త చోటు కూడా మిగల్చని ఆ చెత్త రాత గుర్తొస్తే నాకిప్పటికీ అసహ్యమే.