చరచర శబ్దం, యాకోబు సార్ చెయ్యి

2022 వానాకాలం. కరీంనగర్‌లో నాది చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. పని బాగా వచ్చన్న పొగరు కూడా కాస్త ఉండేది. చొప్పదండిలో ఒక ఇంటికి వెళ్లొచ్చాక అది పూర్తిగా దిగిపోయింది.

ఆ ఇల్లు యాకోబు సార్‌ది. అక్కడి ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతారు. పుట్టుకతోనే చూపు లేదు. ఆయన కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ ఉంటుంది, అంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఏడాది కిందట ఆ కంప్యూటర్ అమ్మి, ఇంటికి వెళ్లి బిగించి వచ్చింది నేనే.

ఒకరోజు ఫోన్ చేశారు.

“తమ్మీ, మాట నడుమ చరచర వస్తాంది, నూనెల పోపు ఏసినట్టు. ఒక్క ముక్క అర్థమైతలే. పిల్లలకు పాఠం ఎట్ల చెప్పాలె?”

ఫోన్‌లోనే వైద్యం మొదలుపెట్టాను. స్పీకర్ పిన్ను ముందు నుంచి తీయించి వెనక పెట్టించాను. షాపు నుంచే ఇంటర్నెట్ ద్వారా ఆయన కంప్యూటర్‌లోకి వెళ్లి సౌండ్ డ్రైవర్, అంటే శబ్దాన్ని నడిపే ప్రోగ్రాం, తీసేసి మళ్లీ వేశాను. మూడు రోజులు ఇదే తంతు. చివరికి కొత్త సౌండ్ కార్డు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

సార్ భార్య రూతక్క చాయ్ ఇచ్చింది. వాన చెమ్మకు గచ్చంతా తడిగా ఉంది. సార్ ఉత్త కాళ్లతో కుర్చీలో కూర్చుని, స్విచ్ వేసి, సీపీయూ డబ్బా మీద అరచెయ్యి ఆనించారు. స్పీకర్‌లో చరచర పెరిగింది. చెయ్యి తీస్తే తగ్గింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను.

“సార్, డబ్బా ముట్టకుండ్రి. చెయ్యి ఎందుకు పెట్టిండ్రు?”

“ఆన్ అయ్యిందో లేదో చూసిన. చెయ్యికి జుమ్ముమంటే ఆన్ అయినట్టు. నీకు లైటు కనవడతది, నాకు గిదే లైటు.”

“ఎన్ని రోజుల సంది?”

“తెచ్చినప్పటి సంది. మొదట్ల చీమ కుట్టినట్టు ఉండె. వానలు మొదలైనంక జర గట్టిగ కొడుతాంది. కంప్యూటర్లు గట్లనే ఉంటయనుకున్న.”

డబ్బాకు టెస్టర్ ఆనిస్తే బల్బు వెలిగింది. మెయిన్ ఆపి ప్లగ్గు పీకి చూశాను. మూడు పిన్నుల ప్లగ్గుకు పై పిన్ను లేదు. అది ఎర్త్ పిన్ను, డబ్బాలోకి కారిన కరెంటును మనిషి మీదికి రాకుండా భూమిలోకి దించేది. దాన్ని కటింగ్ ప్లేయర్‌తో కోసింది నేనే. ఆ గోడకు రెండు రంధ్రాల సాకెట్టే ఉంది. ఇలాంటి చోట మా లైన్లో చాలామంది చేసే పనే ఇది. కోసేస్తాం, కంప్యూటర్ ఆన్ అవుతుంది, మరిచిపోతాం.

ఎస్‌ఎంపీఎస్ విప్పాను. ఇంటి కరెంటును తగ్గించి కంప్యూటర్‌కు పంచే డబ్బా అది. లోపల ఫేజ్ తీగ తొడుగును ఎలుక కొరికేసింది. రాగి పోగులు రేకుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. ఒక్క కుదుపు చాలు. తడి గచ్చు, ఉత్త కాళ్లు, ఆ అరచెయ్యి. స్పీకర్‌లో చరచరమన్నది ఆ కారే కరెంటే. నేనేమో మూడు రోజులు డ్రైవర్లు మారుస్తూ కూర్చున్నాను.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఇంటి వెనక గుంత తీయించి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తింగ్ వేయించాను. కొత్త సాకెట్టు, కొత్త వైరు, కొత్త ఎస్‌ఎంపీఎస్. సాయంత్రానికి స్క్రీన్ రీడర్ గొంతు శుభ్రంగా పలికింది.

నిజం చెబుతున్నాను, ఆ కోసిన ప్లగ్గును సంచిలో వేసుకుని గమ్మున వచ్చేద్దామనిపించింది. చూపు లేని మనిషి, ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను. అలా అనుకోగలిగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

“సార్, ఆ పిన్ను కోసింది నేనే” అన్నాను.

రూతక్క నా వైపు చూసింది. సార్ చెయ్యి చాపితే, కోసిన ప్లగ్గు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో తడుముతుంటే నేనే అడిగాను.

“మూడు రోజులు ఫోన్ల మాట్లాడినం గద. జుమ్ముమంటుందని ఒక్క మాట ఎందుకు చెప్పలే సార్?”

“నువ్వు చెవుల సంగతే అడిగినవ్ తమ్మీ. చేతుల సంగతి అడగలే.”

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి సౌండ్ బాగాలేదన్నా ముందు ప్లగ్గు పీకమంటాను. ఆ తర్వాత, ఇన్నాళ్లూ డబ్బా ముట్టుకుంటే చేతికి ఏమనిపించేదని అడుగుతాను. ఆ నెలంతా షాపు మూసి పాత కస్టమర్ల ఇళ్లకు తిరిగాను. పిన్ను కోసిన ప్లగ్గులు ఇంకో పదకొండు దొరికాయి. అన్నీ నేను కోసినవే.