పైగది పిల్లలతో కోటిపల్లి పంటు మీద ఒక ఆదివారం

రావులపాలెంలో మా ఇంటి పైగదిని రెండేళ్ళ క్రితం అద్దెకు తీసుకున్న జంట వారానికి ఒకరోజున్నర మాత్రమే అందులో ఉండేవారు. లావణ్యకు రాజోలులో బ్యాంకు ఉద్యోగం. ఆమె భర్త సతీష్ జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ మిల్లులో పనిచేస్తాడు. ఇద్దరి ఊళ్ళకూ మధ్యలో, ఏ వేళప్పుడైనా బస్సు దొరికే చోటు మాది. అందుకని ఇక్కడ గది తీసుకున్నారు. శనివారం సాయంత్రం తను అటునుంచి, అతను ఇటునుంచి వచ్చి కలుసుకునేవారు. సోమవారం తెల్లవారుజామున మళ్ళీ చెరో బస్సు ఎక్కేవారు. మొదట్లో పక్కింటావిడ "కరుణగారూ, వాళ్ళు నిజంగా మొగుడూ పెళ్ళాలేనంటారా?" అని అడిగింది. పెళ్ళి ఫోటో చూపించాక ఊరుకుంది.

వాళ్ళ సంతోషాలు పెద్దవేమీ కావు. శనివారం రాగానే సతీష్ మార్కెట్‌కు వెళ్ళి, గెలల నుంచి రాలిపోయిన, బాగా మగ్గిన కర్పూర అరటిపళ్ళు చవగ్గా తెచ్చేవాడు. లావణ్య వాటితో కేకు చేసేది. ఓవెన్ లేదు. ప్రెషర్ కుక్కర్ అడుగున ఇసుక పోసి, దానిమీద స్టాండు, స్టాండు మీద గిన్నె. మొదటిసారి రబ్బరు, విజిల్ తియ్యకుండా పెట్టేస్తే నేనే పరుగెత్తుకెళ్ళి ఆపాను. మా ఇంట్లో క్రిస్మస్ కేకు అలాగే చేసేవాళ్ళం కాబట్టి సెగ ఎంత పెట్టాలో, మూత ఎప్పుడు తియ్యకూడదో చెప్పాను. అప్పటినుంచి ప్రతి శనివారం యాలకులు, అరటిపండు కలిసిన వాసన మెట్లు దిగి మా వంటింట్లోకి వచ్చేది. ఆదివారం ఇద్దరూ ఆ కేకు డబ్బాలో పెట్టుకుని, బండి మీద ఏదో ఒక రేవుకో గట్టుకో వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. నన్ను ఎన్నోసార్లు రమ్మన్నారు. చర్చి ఉందని ఒకసారి, మోకాలు నొప్పని ఒకసారి ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. భార్యాభర్తలు షికారు వెళుతుంటే మధ్యలో నేనెందుకు?

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. ఆయన కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరు. వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. రెండేళ్ళకోసారి రెండు నెలలు ఉండి వెళతారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి వాళ్ళ చర్చి కూడా శుక్రవారమే. నాకేమో ఆదివారం. దేవుని సన్నిధికి కూడా ఇద్దరం ఒకే రోజు వెళ్ళడం లేదు. శుక్రవారం ఆరాధన అయ్యాక ఆయన ఫోన్ చేస్తారు. అదే మా వారాంతం. అక్కడ ఉండేందుకు ఇచ్చే అకామా గడువు ముగిసే ముందు ప్రతిసారీ "ఏం చెయ్యమంటావు? ఇంకో రెండేళ్ళు రాయించుకోనా?" అని అడుగుతారు. నేను ప్రతిసారీ "మీ ఇష్టమండి" అంటాను. మొదట ఇల్లు, తర్వాత మా అమ్మాయి చదువు, ఆ తర్వాత దాని పెళ్ళి, చివరికి ఈ పైగది. ఎప్పటికప్పుడు ఒక కారణం ఉండేది. ఈ ఫిబ్రవరిలో మళ్ళీ అడిగారు. అమ్మాయి తణుకులో చక్కగా కాపురం చేసుకుంటోంది. ఇల్లు పూర్తయింది. ఇప్పుడు ఏ కారణమూ లేదు, అయినా నోటివెంట అదే మాట వచ్చింది. "సరే, వచ్చే శుక్రవారందాకా చూస్తాను. నువ్వేమీ చెప్పకపోతే సంతకం పెట్టేస్తాను" అన్నారు.

ఆ మర్నాడు సాయంత్రం లావణ్య వేడి కేకు ముక్కతో కిందికి వచ్చింది. తనకు సతీష్ పనిచేసే ఊరికి ట్రాన్స్‌ఫర్ వచ్చిందని, నెలాఖరుకి గది ఖాళీ చేస్తామని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోతోంది, కళ్ళలో మాత్రం నీళ్ళు. "రేపు మీరు మాతో రావాల్సిందే ఆంటీ. ఇక మాకు ఇక్కడ ఆదివారాలు ఎన్నో లేవు" అంది. ఈసారి ఏ వంకా చెప్పలేకపోయాను.

ఆదివారం ఉదయం మొదటి ఆరాధన అయ్యేసరికి ఎనిమిదయింది. నేను చర్చి నుంచి నేరుగా బస్టాండుకు వెళ్ళాను. ముగ్గురం ఒక బండి మీద పట్టం కాబట్టి వాళ్ళు బండి ఇంట్లో పెట్టేసి వచ్చారు. కొత్తపేట దాకా పల్లెవెలుగు బస్సు. కిటికీ పక్కన కూర్చోవాలని ఉన్నా నేను అడగలేదు, లావణ్య మాత్రం "బావా, లే, ఆంటీకి కిటికీ సీటు ఇవ్వు" అని అతన్ని లేపింది. కొత్తపేటలో దిగి టిఫిన్ చేశాం. పెసరట్టు, అల్లం పచ్చడి చాలా బాగున్నాయి. అక్కడి నుంచి ముక్తేశ్వరం రేవుకు ఆటో మాట్లాడుకున్నాం. మూడొందలు అడిగాడు, రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. తొందర లేకపోతే షేర్ ఆటోలో ఇంకా తక్కువలో వెళ్ళవచ్చు.

ఆటో అతను పెద్ద మాటకారి. దారిపొడవునా కొబ్బరితోటలు, కాలవ గట్లు చూపిస్తూ, అద్దంలో నన్ను చూసి "అమ్మగారు మీ అమ్మగారాండి?" అని లావణ్యను అడిగాడు.

"కాదండి, మా ఇంటి ఓనరు" అంది లావణ్య.

"ఓనర్ని షికారు తీసుకెళ్ళే అద్దెవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండి. ఎన్ని నెలలు బాకీ ఏంటి?"

సతీష్ "గట్టిగా అనకండి, ఆవిడకి ఇంకా గుర్తురాలేదు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నేను అంతగా నవ్వి చాలా కాలమైంది.

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాం. పంటు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, జంట పడవల మీద బల్లలు పరిచి ఇంజను పెట్టినది. మనుషులు, బళ్ళు, సైకిళ్ళు అన్నీ దాని మీదే. టికెట్ మేము వెళ్ళిన రోజు మనిషికి ఇరవై రూపాయలు, అవతలి ఒడ్డు కోటిపల్లి. ఎక్కేముందు లావణ్య రేవులో జాంకాయలు చూసి కావాలంది. "పంటు కదిలిపోతుంది" అన్నాడు సతీష్. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి గొణుక్కుంటూ వెళ్ళి, ఉప్పూ కారం అద్దించుకుని, తిరిగి వస్తూ ఒక గెంతు గెంతి ఎక్కాడు. లావణ్య అడగడానికి మొహమాటపడలేదు. అతను గొణిగినా తెచ్చాడు. కాయ కొరికి మొదటి ముక్క అతనికే పెట్టింది.

గౌతమి ఆ వేళప్పుడు చాలా వెడల్పుగా, కదలనట్టుగా ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు. సగం దూరం వెళ్ళాక పంటు కింద గరగరమని చప్పుడయి నిలిచిపోయింది. ఇసుక మేట తగిలింది. బళ్ళవాళ్ళు ఇద్దరు దిగి నెడతామని లుంగీలు ఎగగట్టారు. పంటు నడిపే పెద్దాయన వాళ్ళను వారించాడు.

"నెట్టకండి బాబూ, ఇంకా దిగబడిపోద్ది. ఆటు మీద బయల్దేరాం, అదే తప్పు. పోటు వచ్చే వేళయింది. నీళ్ళొస్తే దానంతటదే లేస్తది."

"ఎంతసేపు పడుతుందండి?" అని అడిగాను.

"అరగంట అనుకోండమ్మా. ముప్పావుగంటైనా అయ్యుద్ది. ఏం తెచ్చుకున్నారో తినండి."

అలా నది నడిమధ్య కేకు డబ్బా తీశాం. అరిటాకు వాడ్చి అందులో చుట్టింది లావణ్య, అందుకని మెత్తగా ఉంది. పంటు పెద్దాయనకు కూడా ఒక ముక్క ఇచ్చాం. ఆయన నోట్లో వేసుకుని "పండు వాసనొస్తుందేంటి, మా రావులపాలెం పండేనా?" అన్నాడు. ఇంజను ఆగిపోవడం వల్ల నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ ఇద్దరూ బల్ల అంచున కాళ్ళు వేలాడేసుకుని, భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. నేను అటు చూడకుండా అవతలి గట్టు చూస్తూ కూర్చున్నాను. ఈ కేకు మా ఆయన ఎప్పుడూ తినలేదు. పైగది ఆయన సంపాదనతోనే వేశాం, కానీ ఆయన అందులో ఒక్క రాత్రీ నిద్రపోలేదు. పోయినసారి ఆయన వచ్చి వెళ్ళాకే అది పూర్తయింది, ఫోటోలో చూశారంతే. అవన్నీ ఆ నీళ్ళ మీద ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

లావణ్య నా పక్కకు జరిగి కూర్చుంది. "ఏం ఆలోచిస్తున్నారు ఆంటీ?" అని అడిగింది. శుక్రవారం ఫోన్ సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పేదాన్ని కాదు, ఎందుకో చెప్పాను.

"మీరు అంకుల్‌ని రమ్మని అడిగారా?"

"ఆయన ఇష్టమని చెప్పానమ్మా."

"అది కాదు ఆంటీ. రమ్మని అడిగారా?"

"ఆయనకు తెలియదా ఏంటి?"

"నేను అడక్కపోతే బావకి ఏదీ తెలీదు. జాంకాయ సంగతే చూశారుగా. ఈ ట్రాన్స్‌ఫర్ కూడా దానంతటదే రాలేదు. రెండేళ్ళుగా మా పైఆఫీసు వాళ్ళని విసిగిస్తూనే ఉన్నాను. నన్ను చూస్తేనే వాళ్ళు మొహం తిప్పుకునేవారు."

సతీష్ అటునుంచే "వాళ్ళు తట్టుకోలేక ఇచ్చేశారు ఆంటీ. ఇక ఆ బాధ నాకు" అన్నాడు. లావణ్య అతని మీదకు జాంకాయ తొడిమ విసిరింది.

భర్తను ఇది చెయ్యండి, అది చెయ్యండి అని అడగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. దేవుణ్ణి అడిగేదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా రోజూ మోకాళ్ళ మీద అదే అడిగాను. మా ఆయన్ని మాత్రం అడగలేదు. కాసేపటికి బల్లల కింద నీళ్ళు తపతపమన్నాయి. పంటు ఒక పక్కకు మెల్లగా ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని తేలింది. ఎవరూ నెట్టలేదు. పెద్దాయన ఇంజను వేశాడు.

కోటిపల్లిలో దిగేసరికి పదకొండు దాటింది. వాళ్ళిద్దరూ సోమేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళారు. నేను చెప్పుల దగ్గర ఉంటానని చెప్పి రేవు మెట్ల మీద నీడలో కూర్చున్నాను. చిన్న ప్రార్థన చేసుకున్నాను. తర్వాత ఫోన్ తీశాను. శుక్రవారం కాని రోజున నేనుగా ఆయనకు ఫోన్ చెయ్యడం అదే మొదలు. అందుకే ఎత్తగానే కంగారుపడ్డారు.

"ఏమైంది కరుణా? అమ్మాయి బాగుందా?"

"అందరూ బాగున్నారండి. నేను కోటిపల్లి రేవులో ఉన్నాను."

"కోటిపల్లిలోనా? ఎవరితో?"

"పైగది పిల్లలతో. వాళ్ళు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు."

"పోనీలే, టు-లెట్ బోర్డు పెట్టు. ఎవరో ఒకరు వస్తారు."

"పెట్టనండి."

"అదేంటి?"

"మీరు వచ్చెయ్యండి."

అటువైపు ఇండికేటర్ టిక్కు టిక్కుమంటున్న చప్పుడు వినబడింది. కారు పక్కకు ఆపుకున్నట్టున్నారు. కొంచెంసేపటికి "నీకు ఒంట్లో బాగోలేదా? నా దగ్గర దాచకు" అన్నారు.

"బాగానే ఉందండి. బాగున్నప్పుడే రమ్మంటున్నాను."

ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను, కాలేదు. చివరికి "ఆ గదిలోకి గాలి బాగా వస్తుందా?" అని అడిగారు.

"వస్తుందండి. తూర్పు కిటికీ తీస్తే ఫ్యాను అక్కర్లేదు."

"అయితే ఎవరికీ ఇవ్వకు" అన్నారు.

పిల్లలు ప్రసాదం పట్టుకుని వచ్చారు. లావణ్య నా మొహంలోకి చూసింది, నా చేతిలో ఫోన్ చూసింది, ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ పంటు ఎక్కకుండా ఆటోలో రామచంద్రపురం వచ్చి, భోజనం చేసి, మండపేట మీదుగా బస్సులో వచ్చాం. జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి సాయంత్రం ఎండ నీళ్ళ మీద పడుతోంది. మొత్తం ఖర్చు ముగ్గురికీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది.

నెలాఖరుకి పిల్లలు వెళ్ళిపోయారు. వెళుతూ లావణ్య తన కుక్కర్‌ను ఇసుకతో సహా నాకే వదిలేసింది. మా ఆయన ఇంకా రాలేదు. కొత్త డ్రైవరు దొరికేదాకా ఉండమని యజమాని అడిగాడట, కాదనలేకపోయారు. సంతకం మాత్రం పెట్టలేదు. ఇన్నేళ్ళూ ఎదురుచూడటం నాకు అలవాటైపోయిన పనే, కానీ అడిగాక ఎదురుచూడటం వేరుగా ఉంది. రాత్రి గేటు చప్పుడైతే లేచి చూస్తున్నాను. శనివారాలు పైగది కిటికీ తీసి, దుప్పట్లు ఎండలో వేసి, సాయంత్రం ఒక చిన్న కేకు చేస్తున్నాను. ఇప్పుడు ఆ వాసన మా వంటింట్లో మొదలై మెట్లెక్కి పైకి వెళుతోంది. ఆయన వచ్చిన మొదటి ఆదివారం ఇద్దరం కలిసి ఒకే ఆరాధనకు వెళ్ళి, అటునుంచి అటే ముక్తేశ్వరం రేవుకు వెళ్ళాలని ఉంది. ఆ మాట కూడా ఆయనకు చెప్పేశాను.

మీరు వెళ్ళాలనుకుంటే ఒక్క జాగ్రత్త. వేసవి దగ్గరపడేకొద్దీ ఆటు వేళ పంటు ఇసుకలో తగిలే అవకాశం ఎక్కువ. టికెట్ తీసుకునే ముందే పోటు ఎప్పుడో రేవులో అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అడిగితే చెబుతారు.